విజ్ఞాన పత్రికల చరిత్ర – 8: బౌబజార్ వీధి నుంచి వెలువడిన భౌతికశాస్త్ర పత్రిక

ఒకే శాస్త్రశాఖకు పరిమితమై, ఆ శాఖలో పనిచేసేవారి రచనలనే ప్రచురిస్తూ, ముఖ్యంగా ఆ శాఖవారి కోసమే నడిచే పత్రికను ప్రత్యేక శాస్త్ర పత్రిక అంటారు. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ప్రారంభించిన ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ఖగోళం, వైద్యం, యంత్రాలు, ప్రకృతి వింతలు అన్నిటికీ చోటిచ్చిన పత్రిక కాగా, 1778లో జర్మనీలో లోరెంజ్ క్రెల్ రసాయనశాస్త్రం కోసమే ఒక పత్రికను నెలకొల్పినప్పటి నుంచి శాఖల వారీ పత్రికలు యూరప్‌లో ఒక్కొక్కటిగా తలెత్తాయి. 1835లో పారిస్ అకాడమీ తన సమావేశాల వివరాలను వారం వారం అచ్చువేయడం, 1869లో నార్మన్ లాకియర్ సంపాదకత్వంలో ‘నేచర్’ వారపత్రికగా రావడం ఈ వేగానికి మరో రూపం. ఈ పరిణామాలన్నిటా ఒక సౌకర్యం అంతర్లీనంగా ఉంది: లండన్, పారిస్, బెర్లిన్ నగరాలలో ప్రయోగశాల, అచ్చుయంత్రం, పాఠకుడు ఈ మూడూ ఒకటి రెండు రోజుల టపా దూరంలోనే ఉండేవి. ఆ సౌకర్యం లేని చోట ప్రత్యేక పత్రిక ఏ పరిస్థితుల్లో పుట్టిందో, పుట్టాక ఏం సాధించిందో తెలుసుకోవాలంటే 1926లో కలకత్తాలో మొదలైన ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’ను మించిన ఉదాహరణ దొరకదు.

భారతదేశంలో అంతకుముందు శాస్త్ర పత్రికలు లేకపోలేదు. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తన జర్నల్‌ను 1832లోనే ప్రారంభించింది; విద్యుత్ తరంగాల ధ్రువణం గురించి జగదీశ్ చంద్ర బోస్ రాసిన తొలి వ్యాసం 1895లో అందులోనే వచ్చింది. అయితే శాసనాలు, నాణేలు, భాషలు, మొక్కలు, జంతువులు అన్నీ కలిసి ఉండే ఆ పత్రికను లండన్‌లోని భౌతికశాస్త్రజ్ఞుడు క్రమం తప్పకుండా తిరగేస్తాడని ఆశించడానికి లేదు. గణితంలో పరిస్థితి కొంత మెరుగు. డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేస్తూనే వి. రామస్వామి అయ్యర్ 1907లో స్థాపించిన సంఘం ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీగా ఎదిగి పత్రిక నడిపింది. శ్రీనివాస రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం 1911లో వెలుగు చూసింది ఆ పత్రికలోనే. రసాయనశాస్త్రజ్ఞులు 1924లో ప్రఫుల్ల చంద్ర రాయ్ అధ్యక్షతన ఇండియన్ కెమికల్ సొసైటీని ఏర్పరచుకొని త్రైమాసిక పత్రికను తెచ్చుకున్నారు. భౌతికశాస్త్రానికి మాత్రం దేశంలో తనదంటూ ఒక పత్రిక అప్పటికి లేదు.

ఆ లోటు ఎంత నష్టం చేసేదో మేఘనాథ్ సాహా అనుభవం చెబుతుంది. సూర్యుడి వంటి నక్షత్రాల పైపొరలలో ఉండే పరమాణువులను కాంతి ఎంపిక చేసి మరీ నెట్టుతుందన్న భావనను (దీనినే వరణాత్మక వికిరణ పీడనం అనవచ్చు) వివరిస్తూ ఆయన 1917లో అమెరికాలోని ‘ఆస్ట్రోఫిజికల్ జర్నల్’కు ఒక వ్యాసం పంపారు. వ్యాసం పొడవుగా ఉందని, అచ్చు ఖర్చులో కొంత రచయిత భరిస్తే వేయవచ్చునని అక్కడి నుంచి సమాధానం వచ్చింది. చిన్న జీతం మీద బతికే ఆ యువ అధ్యాపకుడికి అది తలకు మించిన భారం. చివరికి క్లుప్తమైన గమనిక మాత్రమే ఆ పత్రికలో వచ్చింది. పూర్తి వ్యాసం కలకత్తా విశ్వవిద్యాలయపు సొంత పత్రికలో అచ్చయినా, చెప్పుకోదగ్గ చెలామణీ లేని ఆ పత్రికను విదేశాలలో ఎవరూ చూడలేదని, ఆ సిద్ధాంతానికి ఆద్యుడిగా తనకు రావలసిన గుర్తింపు రాకుండా పోయిందని సాహా తర్వాతి కాలంలో బాధపడ్డారు. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసాన్ని నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపి, ఆయన స్వయంగా జర్మన్‌లోకి అనువదించి ప్రచురింపజేస్తే తప్ప అది లోకానికి తెలియని పరిస్థితి కూడా ఈ కోవలోనిదే. ఐన్‌స్టీన్ స్పందించడం భౌతికశాస్త్రం చేసుకున్న అదృష్టం. కానీ ఒక దేశపు పరిశోధన ఒక మహానుభావుడి దయ మీద ఆధారపడి ఎంతకాలం సాగగలదు?

సాహా ఉదంతంలో ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. వ్యాసం సొంత ఊళ్లో అచ్చయితే చాలదు. అచ్చయిన కాగితం సరైన వ్యక్తి బల్ల మీదికి, సరైన సమయానికి చేరాలి. శాస్త్రరంగంలో ఒక ఆవిష్కరణ ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఎవరు ముందు చూశారన్నదాని కంటే ఎవరు ముందు ప్రకటించారన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ హక్కునే ప్రాథమ్యం అంటారు. ప్రాథమ్యానికి అచ్చు తేదీ సాక్ష్యమైతే, చెలామణీ దానికి బలం. ఈ రెండు షరతులనూ ఒకేసారి తీర్చగల పత్రికను తలపెట్టినవారు చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లేముందు రామన్ చదివినదీ ఆ కళాశాలలోనే. దీర్ఘచతురస్రాకారపు రంధ్రం గుండా వెళ్లిన కాంతి ఏర్పరచే చారల మీద ఆయన రాసిన తొలి వ్యాసం, ఆయనకు పద్దెనిమిదేళ్ల వయసులో, 1906 నవంబరులో లండన్ ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో వచ్చింది. 1907లో ఆర్థికశాఖ అధికారిగా కలకత్తా వెళ్లిన ఆయనకు 210, బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్ కంటపడింది. వైద్యుడైన మహేంద్రలాల్ సర్కార్ 1876లో విరాళాలు పోగుచేసి నెలకొల్పిన ఆ సంస్థలో ఉపన్యాసశాల, పరికరాలు ఉన్నా పరిశోధన అంతగా సాగడం లేదు. ఆఫీసు వేళలకు ముందూ తర్వాతా రామన్ అక్కడే పనిచేసేవారు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవి స్వీకరించి ప్రభుత్వోద్యోగం వదులుకున్నారు. 1919లో అసోసియేషన్‌కు గౌరవ కార్యదర్శి అయ్యారు.

కార్యదర్శి పదవి చేతికి రావడం పత్రిక కథలో కీలకమైన మలుపు. అసోసియేషన్ అప్పటికే ‘బులెటిన్’ల పేరుతో విడి విడి పుస్తికలను, ఆ తర్వాత ‘ప్రొసీడింగ్స్’ పేరుతో సంపుటాలను వెలువరిస్తూ ఉండేది. వయొలిన్ కుటుంబపు వాద్యాలలో తీగల కంపనాల మీద రామన్ 1918లో వెలువరించిన సుదీర్ఘ రచన అలాంటి బులెటినే. విదేశీ పత్రిక అంత పొడవైన రచనను వేయడానికి ఎంత తటపటాయించేదో సాహా అనుభవాన్ని బట్టి ఊహించవచ్చు. అయితే బులెటిన్ ఒక సంస్థ తన పనిని తాను చెప్పుకునే సాధనం మాత్రమే. దానికి నియతకాలం ఉండదు, బయటివారి వ్యాసాలకు చోటుండదు. 1926లో రామన్ ఈ ప్రొసీడింగ్స్‌ను ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’తో కలిపి, దేశంలోని భౌతికశాస్త్రజ్ఞులందరికీ వేదికగా మార్చారు. ఒకే పత్రికకు రెండు పేర్లు ఉండడానికి కారణం ఇదే. అసోసియేషన్‌కు అచ్చు ఖర్చు, సభ్యత్వం, పాత మార్పిడి సంబంధాలు ఉన్నాయి. కొత్త పేరుకు దేశవ్యాప్తమైన పరిధి ఉంది. మార్పిడి అంటే ఒక సంస్థ తన పత్రికను మరో సంస్థకు పంపి, బదులుగా వారి పత్రికను తెప్పించుకోవడం. డబ్బు తక్కువున్న గ్రంథాలయానికి విదేశీ పత్రికలు చేరడానికీ, దేశీయ పత్రిక విదేశీ గ్రంథాలయాల అరల మీదికి చేరడానికీ అప్పట్లో అదే ప్రధాన మార్గం.

ఈ ఏర్పాటు విలువ రెండేళ్లలోనే తేలింది. రామన్ బృందం 1921 నుంచి ద్రవాలలో, వాయువులలో, స్ఫటికాలలో కాంతి పరిక్షేపణాన్ని, అంటే పదార్థం గుండా వెళ్తున్న కాంతి నలుదిక్కులా చెదిరే తీరును పరిశీలిస్తోంది. చెదిరిన కాంతిలో, పడిన కాంతి రంగుకు చెందని మరో రంగు లీలగా కనిపిస్తోందని 1923లో కె.ఆర్. రామనాథన్ గమనించారు, ద్రవంలోని మలినాల వల్ల వచ్చే ప్రతిదీప్తి కాబోలునని మొదట అనుకున్నా, ఎన్నిసార్లు శుద్ధిచేసినా అది పోలేదు. 1928 జనవరిలో ఎస్. వెంకటేశ్వరన్ శుద్ధమైన గ్లిజరిన్‌లో ఆ కాంతి బలంగా ధ్రువితమై ఉందని కనుగొన్నాక, మామూలు ప్రతిదీప్తికి ఆ లక్షణం ఉండదు గనుక, విషయం వేరని స్పష్టమైంది. రామన్, కె.ఎస్. కృష్ణన్ ఫిబ్రవరి నెలంతా దాని వెంటపడ్డారు. ఫిబ్రవరి 28న వర్ణపటదర్శినితో చూసినప్పుడు చెదిరిన కాంతిలో అసలు రంగుకు పక్కన, నల్లని ఎడం తర్వాత, కొత్త పట్టీ విడిగా కనిపించింది. పదార్థపు అణువు కాంతి శక్తిలో కొంత భాగాన్ని తాను తీసుకోవడం వల్ల మిగిలిన కాంతి తరంగదైర్ఘ్యం మారుతుందన్న మాట. ఎంత మారిందో కొలిస్తే అణువు నిర్మాణం తెలుస్తుంది.

ఇక్కడి నుంచి తేదీలను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ఫిబ్రవరి 16 తేదీతో రామన్, కృష్ణన్ పంపిన మొదటి లేఖ ‘నేచర్’లో మార్చి 31న అచ్చయింది. రామన్ మార్చి 8న రాసిన లేఖ ఏప్రిల్ 21న, మార్చి 22న ఇద్దరూ కలిసి పంపినది మే 5న వచ్చాయి. మూడు లేఖలకూ రాసిన రోజుకూ అచ్చయిన రోజుకూ మధ్య పట్టిన కాలం సరిగ్గా 44 రోజులు. కలకత్తా నుంచి బొంబాయికి రైలు, అక్కడి నుంచి సూయజ్ కాలువ మీదుగా ఓడ, ఆపైన లండన్ కార్యాలయంలో వరుసక్రమం అన్నీ కలిపి ఈ గడువు.   లండన్ సంపాదకులు ఎంత చురుగ్గా ఉన్నా సముద్రం మీది రోజులను ఎవరూ తగ్గించలేరు. పైగా ఆ లేఖలు చిన్నవి. కొత్త కాంతి ఉందని చెప్పడానికి అవి చాలుతాయి గానీ, దానిని ఎలా చూడాలో, ఏ ఏ పదార్థాలలో కనిపించిందో, ఏ కొలతలు దొరికాయో వివరించడానికి వాటిలో చోటు లేదు.

ఆ చోటును సొంత పత్రిక ఇచ్చింది. మార్చి 16న బెంగుళూరులో సౌత్ ఇండియన్ సైన్స్ అసోసియేషన్ ప్రారంభ సభలో రామన్ ‘ఒక కొత్త వికిరణం’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఉపన్యసించారు. ఆ ఉపన్యాసం ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’ రెండో సంపుటంలో 387వ పుట నుంచి 398వ పుట వరకు, ఛాయాచిత్రాలతో సహా, మార్చి 31వ తేదీతో వెలువడింది. ఉపన్యాసానికీ అచ్చుకూ మధ్య ఎడం పదిహేను రోజులు. అందులోనే బెంగుళూరు నుంచి కలకత్తాకు రైలు ప్రయాణం, కంపోజింగ్, ప్రూఫులు దిద్దడం, వర్ణపట ఛాయాచిత్రాలకు బ్లాకులు తయారుచేయించడం అన్నీ జరిగిపోయాయి. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో కూర్చే రోజులలో, సమీకరణాలూ పట్టికలూ ఉన్న శాస్త్ర వ్యాసాన్ని ఈ గడువులో తెమల్చడం సంపాదకుడే రచయిత అయి ముద్రణాలయంలో నిలబడి చేయించుకుంటే తప్ప సాధ్యం కాదు. కొత్త వికిరణం మీద ‘నేచర్’లో తొలి లేఖ, కలకత్తాలో పూర్తి వ్యాసం ఒకే తేదీని మోసుకొని రావడం గమనార్హం, లండన్‌లో ప్రకటన, కలకత్తాలో ప్రమాణం అన్నట్టుగా రెండూ ఒకదానికొకటి బలమయ్యాయి.

రామన్ అంతటితో ఆగలేదు. పత్రికలోని ఒక వ్యాసాన్ని మాత్రమే విడిగా కుట్టించే ప్రతులను రీప్రింట్లు అంటారు. ఈ వ్యాసానికి సుమారు 2,000 రీప్రింట్లు వేయించి, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, కెనడా, అమెరికా తదితర దేశాల భౌతికశాస్త్రజ్ఞులకు పంపించారని రామన్ చరిత్రను పరిశోధించినవారు రాశారు. కొత్తగా పుట్టిన పత్రికకు ప్రపంచంలో చందాదారులు ఎందరుంటారు? ఆ ప్రశ్నకు రామన్ చెప్పిన సమాధానం చందాదారుల కోసం ఎదురుచూడకుండా చదవవలసినవారి చిరునామాలకే పత్రికను పంపడం. సాహా వ్యాసాన్ని మింగేసిన చెలామణీ లేమికి ఇదే విరుగుడు అయింది. పీటర్ ప్రింగ్స్‌హైమ్ బెర్లిన్‌లో ప్రయోగాన్ని తిరిగి చేసి చూసి, ఆ ఏడాదే ‘నాతుర్‌విస్సెన్‌షాఫ్టెన్’ పత్రికలో దానికి ‘రామన్ ఎఫెక్ట్’ అన్న పేరుతోనే వ్యాసం రాశాడు.

వేగం విలువ ఎంతో మాస్కో వైపు చూస్తే మరింత అర్థమవుతుంది. గ్రిగోరీ లాండ్స్‌బెర్గ్, లియొనిద్ మండెల్‌ష్టామ్ అనే ఇద్దరు ప్రతిభావంతులు క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే ప్రభావాన్ని 1928 ఫిబ్రవరి 21న, అంటే కలకత్తా బృందం వర్ణపటంలో విడి పట్టీని చూడడానికి వారం ముందే, గమనించారు. వారు జర్మన్ పత్రికకు పంపిన గమనిక తేదీ మే 6. అది అచ్చయినది జులై 13న. ఆ గమనికలోనే వారు రామన్ లేఖలను ప్రస్తావించి, వాటిలోని వివరణ క్లుప్తంగా ఉన్నందున రెండూ ఒకే ప్రభావమో కాదో తేల్చి చెప్పలేమన్నారు. మాస్కోలో చూసినవారు నిదానించి, కొలతలు సరిచూసుకొని, కారణం నిర్ధారించుకున్నాకే రాశారు. శాస్త్రజ్ఞులకు అది తప్పు కాదు, మెచ్చుకోదగ్గ గుణం. అయితే 1930లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి రామన్ ఒక్కరికే దక్కినప్పుడు మాస్కో పరిశోధకుల అభిమానులు అన్యాయం జరిగిందని వాదించారు. రష్యన్ గ్రంథాలలో ఈ ప్రభావానికి చాలాకాలం వేరే పేరు వాడారు. ఈ వివాదంలో న్యాయం ఎటువైపు ఉన్నా, ఒక సంగతి మాత్రం నిర్వివాదం: తమ నగరంలోనే పదిహేను రోజుల్లో పన్నెండు పుటల వ్యాసాన్ని అచ్చువేసి దేశదేశాలకు పంపగల ఏర్పాటు మాస్కో వారు ఉపయోగించుకోలేదు, కలకత్తా వారు ఉపయోగించుకున్నారు.

ఈ వేగానికి మరో ముఖం కూడా ఉంది, దానిని దాటవేయడం చరిత్రకు న్యాయం కాదు. సమీక్షకుడు అంటే వ్యాసాన్ని అచ్చుకు ముందు చదివి తప్పొప్పులు చెప్పే, రచయితతో సంబంధం లేని నిపుణుడు. సంపాదకుడే రచయిత అయినప్పుడు ఆ స్వతంత్రమైన చూపు లోపిస్తుంది; వ్యాసం అసలు తప్పయితే పత్రిక పరువూ రచయిత పరువూ కలిసే పోతాయి. 1928లో ఆ ప్రమాదం రాలేదంటే కారణం ప్రయోగం నిక్కచ్చిగా ఉండడమే. పేర్ల విషయం మరింత సున్నితమైనది. ‘నేచర్’లో మొదటి లేఖ కింద రామన్, కృష్ణన్ ఇద్దరి పేర్లూ ఉండగా, బెంగుళూరు ఉపన్యాసం కావడం వల్ల పత్రికలోని ప్రధాన వ్యాసం రామన్ ఒక్కరి పేరుతో వచ్చింది, వెంటనే 399వ పుటలో మొదలయ్యే వ్యాసం ఇద్దరి పేర్లతో ఉన్నా, లోకమంతా చేతబట్టుకొని తిరిగినది మొదటిదే. ఫిబ్రవరి నెలలో రోజుల తరబడి పరికరాల ముందు కూర్చున్న కృష్ణన్ పాత్రకు తగినంత గుర్తింపు దక్కలేదన్న అభిప్రాయం ఈనాటికీ వినిపిస్తుంది. అది అర్థరహితమైన అభిప్రాయం కాదు. ఉపన్యాసం విడిగా, రచయిత పేరుతో, వేల ప్రతులలో వెళ్లినప్పుడు ఆ పేరే ఆవిష్కరణకు ముడిపడుతుంది.

పత్రికకు మాత్రం ఆ తర్వాత వెనుదిరిగి చూడవలసిన అవసరం రాలేదు. ఒక కొత్త రంగం తెరుచుకున్నప్పుడు ఎవరెవరు ఎక్కడెక్కడ ఏం ప్రచురించారో జాబితా కట్టడం కూడా పరిశోధనను వేగిరపరిచే పనే. అలాంటి జాబితాను, రామన్ ప్రభావం మీద అప్పటికే వెలువడిన 150 వ్యాసాల పట్టికను, గణేశన్ అనే పరిశోధకుడు 1929లో ఈ పత్రికలోనే ప్రచురించారు. ఏడాదిన్నరలో ఒక విషయం మీద నూటయాభై వ్యాసాలు రావడం, వాటి లెక్క లండన్‌లో కాక కలకత్తాలో తయారు కావడం రెండూ విశేషమే. హైదరాబాద్ నిజాం కళాశాలలో పట్టా పుచ్చుకొని 1928లో రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం వజ్రం రామన్ వర్ణపటం మీద చేసిన పనిని 1930లో ఈ పత్రికలోనే ప్రచురించారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన ఆయన తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లి, కాంతి పరిక్షేపణం, రామన్ ప్రభావం మీద రాసిన ఆంగ్ల గ్రంథాన్ని 1940లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది. రామన్ బాల్యం గడిచిన ఊరికి ఆయన పరిశోధన ఇలా శిష్యుడి ద్వారా చేరింది.

1932లో బెంగుళూరు నుంచి ‘కరెంట్ సైన్స్’ పుట్టింది. లండన్ ‘నేచర్’ తరహాలో అన్ని శాస్త్రాల వార్తలనూ, చిన్న లేఖలనూ త్వరగా అందించడం దాని ఉద్దేశం. 1933లో రామన్ కలకత్తా వదిలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా బెంగుళూరు చేరారు. 1934లో ఆయన స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ‘ప్రొసీడింగ్స్’ను నెల నెలా వెలువరించడం మొదలుపెట్టగా, కలకత్తాలో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్’ అసోసియేషన్ ఆధ్వర్యంలో రామన్ లేకుండానే కొనసాగింది. ఒక అకాడమీ కాగితం మీద నమోదైన ఏడాదిలోనే దాని పత్రిక తొలి సంచిక ఎలా బయటికి వచ్చిందో, ఆ వేగం కలకత్తా, అలహాబాదు శాస్త్రజ్ఞులతో ఎలాంటి పోటీకి దారితీసిందో వచ్చే భాగంలో.